వేలిముద్ర చెప్పే సాక్ష్యం వినేదెవరు?
ఫ్యాక్షన్ గ్రామాల్లో పేర్లకు కొదవ లేదు.. ఆధారాలకే కరవు

వెల్దుర్తి (పల్నాడు జిల్లా): మాచర్ల నియోజకవర్గంలోని వెల్దుర్తి మండలంలో హత్య జరిగితే హంతకులెవరన్న ప్రశ్న ఎంతోసేపు నిలవదు. మృతదేహాన్ని శవపరీక్షకు తరలించేలోగానే పేర్లు ఊరంతా పాకిపోతాయి. ఒక్క ఫిర్యాదులో పదుల సంఖ్యలో పేర్లు చేరడం పల్నాడు పల్లెలకు కొత్త కాదు. దొంగతనాల కేసుల్లో తరచూ కనిపించే ‘గుర్తుతెలియని వ్యక్తులు’ అన్న మాట ఇక్కడి కక్షల కేసుల్లో అరుదు. అలాంటి చోట వేలిముద్రలతో పనేమిటన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది. నిజానికి పేర్లు సులువుగా దొరికే చోటనే వేలిముద్రల అవసరం ఎక్కువ. పగతో పలికిన పేరుకూ, నేరం చేసిన చేతికీ మధ్య తేడాను చూపగలిగే సాక్ష్యాలు కొద్ది. ఏ వర్గానికీ చెందని ఆ కొద్ది సాక్ష్యాల్లో వేలిముద్ర ఒకటి.

పల్నాడు పేరెత్తగానే నాగమ్మ, బ్రహ్మనాయుడుల కాలం నుంచి మొదలుపెట్టడం పరిపాటి. ఇక్కడ అంత వెనక్కి వెళ్లవలసిన పని లేదు. 2022 జనవరిలో వెల్దుర్తి మండలం గుండ్లపాడులో ఒక రాజకీయ పక్షానికి చెందిన గ్రామ నాయకుడు హత్యకు గురయ్యారు. 2025 మే నెలలో అదే గ్రామానికి చెందిన ఇద్దరు వ్యక్తులు బోదిలవీడు సమీపంలో హతులయ్యారు. ఈ కేసుల గుణదోషాల జోలికి వెళ్లడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం. అయితే ఇలాంటి ప్రతి కేసులోనూ దర్యాప్తు అధికారికి ఎదురయ్యే చిక్కు ఒక్కటే. చూసినవారు ఉంటారు. కానీ చూసినవారంతా ఏదో ఒక వర్గానికి చెందినవారై ఉంటారు. ఏ వర్గానికీ చెందనివారు సాక్ష్యం చెప్పేందుకు ముందుకు రారు. వచ్చినవారు సైతం విచారణ నాటికి మాట మారుస్తారు.

ఈ చిక్కును సుప్రీంకోర్టు ఏనాడో గుర్తించింది. ఉత్తరప్రదేశ్‌లోని ఒక ముఠా కక్షల కేసులో, మసాల్తీ కేసుగా న్యాయవాదులకు సుపరిచితమైన దానిలో, 1964లో తీర్పు చెబుతూ, వర్గానికి చెందిన సాక్షి అన్న ఒక్క కారణంతో అతని మాటను తోసిపుచ్చరాదని స్పష్టం చేసింది. అదే సమయంలో అలాంటి సాక్ష్యాన్ని అతి జాగ్రత్తగా పరిశీలించాలని, నేరస్థుల జాబితాలో నిరపరాధులను కూడా ఇరికించే ప్రమాదం ఉందని హెచ్చరించింది. ముద్దాయిలు అధిక సంఖ్యలో ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు లేక అంతకు మించిన సాక్షులు నిలకడగా పేర్కొన్న వారినే శిక్షించాలన్న కొలత ఆ తీర్పు నుంచే వచ్చింది. కొలత మంచిదే. కానీ నలుగురు కలిసి ఒకే అబద్ధాన్ని నిలకడగా చెప్పగలిగిన చోట అదొక్కటీ సరిపోదని పల్లె రాజకీయాలు తెలిసిన ఎవరైనా ఒప్పుకుంటారు. సాక్షుల మాటకు బయటి నుంచి బలం కావాలి, లేదా బయటి నుంచి ఖండన కావాలి.

తొలి కేసులోనే పొరుగింటివాని పేరు

వేలిముద్ర ఆధారంగా ప్రపంచంలో తేలిన తొలి హత్యకేసుగా చెప్పుకునేది వెల్దుర్తివాసులకు కొత్తగా అనిపించదు. 1892లో అర్జెంటీనా దేశంలోని నెకోచియా అనే చిన్న పట్టణంలో ఇద్దరు పసిపిల్లలు హత్యకు గురయ్యారు. తల్లి ఫ్రాన్సిస్కా రోహాస్ మెడపై కూడా గాయం ఉంది. ఆమె వెంటనే పొరుగున ఉండే ఒక వ్యక్తి పేరు చెప్పింది. పోలీసులు అతనిని పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. అతను నేరం ఒప్పుకోలేదు. తరువాత వచ్చిన అధికారి అల్వారెజ్ ఇంటిని మరోసారి పరిశీలించగా తలుపుపై రక్తంతో పడిన బొటనవేలి ముద్ర కనిపించింది. ఆ చెక్క ముక్కను కోసి తీసుకువెళ్లి, వేలిముద్రల అధ్యయనంలో నిమగ్నుడైన హువాన్ వుసెటిచ్ నేర్పిన పద్ధతిలో పోల్చి చూశారు. ఆ ముద్ర తల్లిదే. ఆమె నేరం అంగీకరించింది. వేలిముద్ర చేసిన తొలి ఘనకార్యం నేరస్థురాలిని పట్టించడమే కాదు, పేరు చెప్పినంత మాత్రాన హంతకునిగా ముద్రపడబోయిన పొరుగువానిని విడిపించడం కూడా.

మన దేశంలో తొలి కేసు నేర్పే పాఠం వేరు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ఆ కాలంలోనే జల్పాయ్‌గురి ప్రాంతంలో ఒక తేయాకు తోట మేనేజరు గొంతు కోసి చంపబడ్డాడు. పెట్టెలోని సొమ్ము పోయింది. అక్కడ దొరికిన బెంగాలీ పంచాంగంపై గోధుమరంగు మరక ఒకటి ఉంది. అది అంతకుముందు దొంగతనం కేసులో శిక్షపడిన పాత నౌకరు చరణ్ వేలిముద్రతో సరిపోయింది. పాత శిక్ష వల్ల అతని ముద్ర కార్యాలయంలో భద్రంగా ఉండటమే ఇందుకు కారణం. 1898లో జరిగిన విచారణలో న్యాయస్థానం అతనిని దొంగతనానికి మాత్రమే శిక్షించింది, హత్యానేరం నుంచి మినహాయించింది. అతను ఆ గదిలోకి వచ్చాడని, పంచాంగాన్ని తాకాడని ముద్ర చెప్పింది. కత్తి పట్టాడని చెప్పలేదు. నూటపాతికేళ్ల నాటి ఆ న్యాయస్థానం చూపిన నిగ్రహం నేటి దర్యాప్తుల్లో, ముఖ్యంగా దర్యాప్తు ముగియకముందే టీవీ తెరలపై వెలువడే తీర్పుల్లో, మచ్చుకైనా కనిపించకపోవడం గమనార్హం.

ఆ కార్యాలయంలో పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు ముద్రలను 1024 గళ్లలో వర్గీకరించే గణిత సూత్రాన్ని రూపొందించారు. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. లండన్‌లోని స్కాట్లండ్ యార్డు 1901లో స్వీకరించిన పద్ధతి ఇదే.

చేయి తాకితేనే ముద్ర

పిల్లల వేళ్లపై శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెట్టి జాతకం చెప్పే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. నిపుణులు చూసేవి కూడా స్థూలంగా అవే. శంఖంలా ఒకవైపు మలుపు తిరిగేవి, చక్రంలా చుట్టుకునేవి, విల్లులా వంగి సాగిపోయేవి. అయితే శంఖానికి శంఖం సరిపోయినంత మాత్రాన మనిషి తేలడు. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది, రెండింటి మధ్య ఎన్ని గీతలున్నాయి అన్న సూక్ష్మ లక్షణాల పోలికే అసలైన పరీక్ష. తల్లి గర్భంలో మూడో నెల ప్రాంతంలో మొదలై ఆరో నెల నాటికి స్థిరపడే ఈ గీతలు కవల పిల్లలకు కూడా ఒకేలా ఉండవు. మృతదేహం కుళ్లే వరకూ మారవు.

ఇంత గట్టి ఆధారం పల్లెలో హత్య జరిగినప్పుడు ఎందుకు దొరకడం లేదు? కొంత తప్పు వస్తువులది. కంటికి కనిపించని చెమట ముద్ర గాజు, ఇత్తడి, స్టీలు, రంగు వేసిన తలుపు, వాహనపు అద్దం వంటి నునుపైన వాటిపై చక్కగా నిలుస్తుంది. పొడి చల్లి, టేపుతో ఎత్తి, ఫొటో తీయవచ్చు. కాగితంపై పడితే రసాయనంతో ఊదారంగులోకి తేవచ్చు. వేటకొడవలి కర్రపిడి, గొడ్డలి కామ, బండరాయి, పూత లేని ఇటుక గోడ వంటి గరుకు వస్తువులపై ముద్ర నిలవడం కష్టం. నాటుబాంబు పేలితే మిగిలేవి తునకలే. ఈ ప్రాంతపు కక్షల్లో తరచూ వాడే ఆయుధాలన్నీ ఇంచుమించు ఈ కోవలోనివే. కనుక ఆయుధంపై ముద్ర దొరకలేదన్న కారణంతో ముద్దాయి నిరపరాధి అని తేల్చడానికి వీలు లేదు. అయితే నేడు దాడికి వచ్చేవారు కాలినడకన రావడం లేదు. వాహనాల్లో వస్తున్నారు, సెల్‌ఫోన్లు వాడుతున్నారు, నీళ్ల సీసాలు పారవేస్తున్నారు. ముద్ర నిలిచే వస్తువులు నేరస్థలంలో మునుపటికంటే పెరిగాయి.

మిగిలిన తప్పు మనుషులది. హత్య వార్త వినగానే వందల మంది చేరతారు. బంధువులు శవంపై పడి రోదిస్తారు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. పరామర్శకు వచ్చే నాయకులు, వారి అనుచరులు, సెల్‌ఫోన్లలో దృశ్యాలు తీసేవారు మాత్రం ఆగవచ్చు. మొదట చేరుకునే కానిస్టేబుల్ ఒక్కడే ఉంటే అతను శాంతిభద్రతలు చూడాలా, చెప్పుల గుర్తులు చూడాలా? క్లూస్ టీం, జాగిలం జిల్లా కేంద్రం నుంచి రావలసిందే. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేవరకూ వెల్దుర్తికి జిల్లా కేంద్రం గుంటూరు. ఇప్పుడది నరసరావుపేట. దూరం తగ్గిన మాట వాస్తవమే. అయినా నల్లమల అంచున ఉన్న తండాలకు, శివారు పల్లెలకు నిపుణులు చేరేసరికి వాహనం తలుపులు ఎంతమంది తీసి మూసి ఉంటారో ఊహించవచ్చు.

మరో ఇబ్బంది పల్లె జీవనంలోనే ఉంది. పట్నంలో తాళం వేసిన ఇంట్లో పరాయి ముద్ర దొరికితే అది నేరానికి ఆధారం. పల్లెలో ఒకరింట్లోకి ఒకరు వస్తూ పోతూ ఉంటారు. చెంబు అందుకుంటారు, మంచం లాక్కుని కూర్చుంటారు, బండి అడిగి తీసుకువెళతారు. ముద్ర ఏ రోజున పడిందో చెప్పగలిగే నమ్మదగిన పరీక్ష నేటికీ లేదు. నిన్న మొన్నటి వరకూ కలిసి తిరిగి, పంచాయతీ ఎన్నికలతో విడిపోయిన రెండు కుటుంబాల మధ్య కేసులో ముద్ర దొరకడం కంటే, అది అక్కడ ఉండటానికి మరో కారణం లేదని నిరూపించడమే కష్టం. రక్తంలో పడిన ముద్ర అయితే వేరు. అది ఎప్పటిదో రక్తమే చెబుతుంది.

కోర్టులో వీగిపోయేదెక్కడ?

వేలిముద్ర ఇమ్మని కోరడం తనపై తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టడం కాదా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 1961లోనే పరిష్కరించింది. కాఠీ కాలూ ఓఘడ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం రాజ్యాంగం 20(3) అధికరణానికి ఇది విరుద్ధం కాదని చెప్పింది. 1979లో జస్పాల్ సింగ్ కేసులో ఇది పొరపాటుకు తావులేని శాస్త్రమన్నంత దూరం వెళ్లింది. 2010లో ముషీర్‌ఖాన్ కేసులో స్వరం తగ్గింది. వేలిముద్ర నిపుణుని అభిప్రాయం స్వతంత్ర సాక్ష్యం కాదని, ఇతర సాక్ష్యాలకు బలం చేకూర్చేది మాత్రమేనని తేల్చింది.

కేసు వీగిపోవడానికి గీతల పోలికలో లోపం కంటే కాగితాల్లో లోపమే ఎక్కువగా కారణమవుతోంది. రాజస్థాన్‌కు చెందిన మహమ్మద్ అమన్ కేసు (1997) ఇందుకు చక్కని ఉదాహరణ. అది హత్యకేసు. ముద్ర సరిపోయిందని నిపుణులు చెప్పారు. అయినా స్వాధీనం చేసుకున్న వస్తువులు ప్రయోగశాలకు చేరేలోగా ఎవరూ తారుమారు చేయలేదని పోలీసులు నిరూపించలేకపోయారు. ముద్దాయిల నమూనా ముద్రలను మేజిస్ట్రేటు సమక్షంలో తీసుకోలేదు. సుప్రీంకోర్టు శిక్షను రద్దు చేసింది. 2019లో ఆశిష్ జైన్ కేసులో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనంత మాత్రాన నమూనా చెల్లకుండా పోదని చెబుతూనే, తీసుకున్న తీరుపై అనుమానం ఉంటే పక్కన పెట్టవలసిందేనని పేర్కొంది. ముద్దాయి స్టేషన్‌లో ఉండగా, వస్తువు కూడా అదే స్టేషన్‌లో ఉండగా, రెండింటినీ కలపడం ఎంత సులువో న్యాయమూర్తులకు తెలుసు. ప్రత్యర్థి వర్గం అధికారంలో ఉన్నప్పుడు కేసులు బనాయించారన్న ఆరోపణ నిత్యకృత్యమైన పల్నాడులో ఈ అనుమానం మరింత బలంగా వినిపిస్తుంది. సీలు వేయడం, మధ్యవర్తుల నివేదికలో ముద్ర దొరికిన చోటును స్పష్టంగా రాయడం, తేదీ, సమయం నమోదు చేయడం, వస్తువును జాప్యం లేకుండా పంపడం వంటి చిన్న పనులే పెద్ద కేసును నిలబెడతాయి.

శాస్త్రం ఎన్నడూ పొరబడదనుకోవడం కూడా ప్రమాదమే. 2004 మార్చి 11న స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో రైళ్లలో బాంబులు పేలాయి. పేలుడు పరికరాలున్న ప్లాస్టిక్ సంచిపై దొరికిన ముద్ర అమెరికాలోని బ్రాండన్ మేఫీల్డ్ అనే న్యాయవాదిదని ఎఫ్‌బీఐ నిపుణులు నిర్ధారించారు. రెండు వారాలు నిర్బంధించారు. ఆ ముద్ర ఒక అల్జీరియా దేశస్థునిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక విడిచిపెట్టి క్షమాపణ చెప్పారు. కంప్యూటరు ఇచ్చేది దగ్గరి పోలికల జాబితా మాత్రమే. అందులో నేరస్థుని ఎంచేది మనిషి కన్ను.

మన తెలుగు నేలపై మోసగాళ్లు మరో దారి పట్టారు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్‌కార్డుల వ్యాపారి భూముల రిజిస్ట్రేషన్ పత్రాల్లోని వేలిముద్రల నుంచి రబ్బరు నకళ్లు చేసి, ఇతరుల పేరిట సిమ్‌లను పెద్దసంఖ్యలో చేతనం చేసి పట్టుబడ్డాడు. 2022లో రాచకొండ పోలీసులు పట్టుకున్న ముఠా ఇంకా ముందుకు వెళ్లింది. కువైట్ నుంచి వెనక్కి పంపబడినవారు మళ్లీ వెళ్లేందుకు వీలుగా వేలి కొసల చర్మం కోసి కుట్లు వేసేది. ముద్ర పత్రంపై ఉందా, యంత్రంపై ఉందా, హత్యాస్థలంలో ఉందా అన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుందని ఈ ఉదంతాలు చెబుతున్నాయి.

75 ఏళ్ల జ్ఞాపకం

జల్పాయ్‌గురి కేసు తేలడానికి నిందితుని పాత ముద్ర ఉండటమే కారణమని పైన చెప్పుకున్నాం. ఆ పాత ముద్రల కొట్టు నేడు దేశమంతటికీ ఒకటైంది. జాతీయ నేర రికార్డుల సంస్థ నిర్వహించే ‘నాఫిస్’ వ్యవస్థ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. నమోదైన ప్రతి నేరస్థునికీ పది అంకెల సంఖ్య కేటాయిస్తారు. మాచర్లలో దొరికిన ముద్రను మధ్యప్రదేశ్ రికార్డులతో పోల్చవచ్చు. అంతర్రాష్ట్ర దొంగల ముఠాల విషయంలో ఇది నిస్సందేహంగా మేలు. తెలంగాణ సరిహద్దున ఉన్న ఈ ప్రాంతానికి మరీ మేలు.

అదే నెలలో అమల్లోకి వచ్చిన నేర విచారణ ప్రక్రియ (గుర్తింపు) చట్టాన్ని పల్నాడు ప్రజలు కాస్త శ్రద్ధగా చదువుకోవాలి. 1920 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం కింద ఏ నేరంలో అరెస్టయినా వేలిముద్రలు తీసుకోవచ్చు. శాంతిభద్రతల కోసం బైండోవర్ అయినవారి నుంచి కూడా తీసుకోవచ్చు. ఎన్నికలు వస్తే చాలు ఈ పల్లెల్లో బైండోవర్ల జాబితాలు ఎంత పొడవుంటాయో తెలియనిది కాదు. ఆ ముద్రలు 75 సంవత్సరాలు రికార్డులో ఉంటాయి. ఫిర్యాదుదారు కక్షతో ఇరికించిన యువకుని పేరు ఆ జాబితాలో చేరితే అతను ముదుసలి అయ్యేవరకూ అది అక్కడే ఉంటుంది.

ఈ ఆందోళన ఊహాజనితం కాదు. ఉమ్మడి గుంటూరు జిల్లాకు దీని అనుభవం ఉంది. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం 1913లో సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పాటైన సెటిల్‌మెంటు. మద్రాసు ప్రభుత్వ ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నేరస్థ జాతుల చట్టం (1911) కింద నమోదైన ఎవరి వేలిముద్రలనైనా జిల్లా మేజిస్ట్రేటు ఎప్పుడైనా తీయించవచ్చు. నేరం చేశారా లేదా అన్నది ప్రశ్న కాదు, ఆ కులంలో పుట్టడమే చాలు. 1952లో ఆ చట్టం రద్దయింది. అనుమానం మాత్రం అంత తొందరగా రద్దు కాలేదు. నాడు పుట్టుకను బట్టి జాబితా తయారైంది. నేడు ఊళ్లో ఏ వర్గం వాడన్నదాన్ని బట్టి తయారు కాకుండా చూసుకోవలసిన బాధ్యత పోలీసులది, దాన్ని సమీక్షించవలసింది న్యాయస్థానాలు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించడం, దాన్ని వీడియో తీయడం తప్పనిసరి కావాలి. దీన్ని అమలు చేసేందుకు రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చారు. అంటే 2029 వరకూ వేచి చూసే వీలుంది. పల్నాడు వంటి జిల్లా అంతవరకూ ఆగడం సరికాదు. గురజాల, మాచర్ల ప్రాంతాలకు ప్రత్యేకంగా ఒక వేలిముద్రల నిపుణుని, ఒక వాహనాన్ని కేటాయించడం భరించలేని ఖర్చేమీ కాదు. అది జరిగేలోగా వెల్దుర్తి వంటి ప్రతి స్టేషన్‌లో ఒక తాడు చుట్ట, చేతితొడుగులు, కాగితపు సంచులు, సీలు లక్క సిద్ధంగా ఉంచి, మొదట చేరే కానిస్టేబుల్‌కు వాటిని వాడటం నేర్పితే సగం ముద్రలు మిగులుతాయి.

ఇక కేసు నుంచి బయటపడినవారి మాట. అన్ని అప్పీళ్లూ ముగిసి నిర్దోషిగా తేలినవారి, లేదా విచారణ లేకుండానే విడుదలైనవారి ముద్రలను, పాత శిక్షలేవీ లేకపోతే, కోర్టు వేరుగా ఆదేశిస్తే తప్ప నాశనం చేయాలని 2022 చట్టమే చెబుతోంది. ఇందుకోసం రాష్ట్రం నియమించే నోడల్ అధికారిని కోరాలి. ఫ్యాక్షన్ కేసుల్లో ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగి బయటపడిన రైతులకు ఈ నిబంధన గురించి తీర్పు రోజునే కోర్టు ఆవరణలో చెప్పే ఏర్పాటు మండల న్యాయ సేవల కమిటీలు చేయవచ్చు. దరఖాస్తు రాయించుకుని, కింద వేలిముద్ర వేయించుకోవడానికి పది నిమిషాలకు మించి పట్టదు.